ఆఫ్తాల్మోసారస్ మోడల్: ముందు రెక్క ఎముకలు, కన్ను సైజు, వంశం

ప్రశ్న (హనుమకొండ):
సైన్స్ ఫెయిర్ కోసం మా బడి పిల్లలు 1:10 కొలతలో ఆఫ్తాల్మోసారస్ అస్థిపంజరం చేస్తున్నరు. 40 సెం.మీ. జీఐ తీగ, దాని మీద ఎం-సీల్. ఇది డైనోసారేనా? తోక ఎముకలు పైకి వంగాల్నా, కిందికా? మోచేయి దగ్గర ఎముకలు రెండా, మూడా? మన కాళేశ్వరం దిక్కు ఇసొంటివి దొరుకుతయా?

జవాబు 1:
డైనోసార్ కాదు సార్. సరీసృపమే గానీ, సముద్రంలో బతికిన ఇక్తియోసార్ల శాఖ వేరు. అందులో ఆఫ్తాల్మోసారిడే కుటుంబం. ఆఫ్తాల్మోసారస్ అన్న పేరు 1874లో శాస్త్రవేత్త సీలీ పెట్టిండు. ఆ పేరుకు ఆధారమైన జాతి ఐసెనికస్, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ క్లే అనే రాతి పొరల్లో దొరికింది, సుమారు 16 కోట్ల ఏండ్ల నాటిది. అమెరికాలో దొరికిన బాప్టనోడాన్ అనే ఇక్తియోసార్‌ను కొందరు ఇందులోనే కలుపుతరు, కొందరు విడిగా పెడతరు. చార్టులో ఆ సంగతి రాయండి.

మోచేయి దగ్గర మూడు. భుజాస్థి కింది అంచుకు ముంజేతి ఎముకలైన రత్ని, అరత్ని, వాటికి ముందు ఇంకో చిన్న ఎముక అతుకుతయి. ఈ మూడో అతుకే ముఖ్యమైన గుర్తు, దాన్ని మాత్రం వదలొద్దు.

తోక దగ్గర వెన్ను కిందికే వంగాలె. తోక రెక్క పై భాగంలో ఎముక ఉండదు. సొరచేపకు ఇది తిరగబడి ఉంటది, పిల్లలు దాన్ని చూసి తప్పు చేస్తరు.

వెన్నుపూసలు రెండు దిక్కులా లోపలికి గుంటపడ్డ క్యారమ్ బిళ్ళల్లెక్క ఉంటయి, మందం ఎత్తులో మూడో వంతు. ఎం-సీల్‌ను కడ్డీ చేసి, సగం గట్టిపడ్డంక కోయండి. పచ్చిగుంటే నలుగుతది, పూర్తిగా ఎండితే పెచ్చులూడుతది.

జవాబు 2:
కన్ను గురించి. 4 మీటర్ల జంతువుకు కనుగుడ్డు దాదాపు 22 సెం.మీ., మీ మోడల్‌కు 22 మి.మీ. దాని గోడలో ఎముక పలకల ఉంగరం ఉంటది. ఆ ఉంగరమంతా కన్నేనని నల్లరంగు వెయ్యొద్దు, బతికున్నప్పుడు బయటికి కనిపించేది నడిమి రంధ్రం మేరకే. ముక్కు రంధ్రాలు మూతి కొసకు కాదు, కన్ను ముందరనే. వెనుక రెక్కలు ముందువాటికన్నా చాలా చిన్నవి. కటి ఎముకలు వెన్నుకు అతకవు, సన్న దారంతో వేలాడదీయండి.

జవాబు 3:
కాళేశ్వరం దిక్కు ఉన్న ‘కోటా’ అనే రాతి పొరలు ప్రధానంగా నదులు, మంచినీటి చెరువులు పేర్చినవి. యామనపల్లిలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అందులోనిదే, అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉంది. సముద్రజీవి ఇక్కడ దొరుకుతదని ఆశపడొద్దు. మన దేశంలో కచ్ఛ్‌లోని లోడాయి దగ్గర ఆఫ్తాల్మోసారిడే అస్థిపంజరం దొరికింది, 2017లో ప్రకటించిండ్రు, పొడవు సుమారు 5.5 మీటర్లు.

ప్రశ్న అడిగినాయన:
పక్కటెముకలకు తలలు (వెన్నుపూసకు అతికే కొసలు) ఎన్ని?

జవాబు 1:
మొండెంలో రెండు, అందుకే పూస పక్కన రెండు గుర్తులు చెక్కండి. తోకలోకి పోయినంక ఒక్కటే.