1500 మీటర్ల ఫైనల్ నెమ్మదిగా సాగితే ఎక్కడ ఉండాలి?

మా అమ్మాయి 1500 మీటర్లు పరిగెడుతుంది. ఇద్దరం కలిసి ఒలింపిక్స్ మహిళల ఫైనల్స్ చూస్తుంటాం. ఒక విషయం ఎంత ఆలోచించినా తేలడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

కెన్యా రన్నర్ ఫెయిత్ కిప్యెగాన్ 2016 రియోలో 4:08.92 టైమింగ్‌తో స్వర్ణం గెలిచింది. 2024 పారిస్‌లో 3:51.29, అది ఒలింపిక్ రికార్డు. అదే మనిషి, అదే దూరం, తేడా 17 సెకన్ల పైనే! రియోలో మొదట్లో అందరూ గుంపుగా, ఒకరినొకరు చూసుకుంటూ పరిగెత్తారు. తర్వాత ఇథియోపియా రన్నర్ గెంజెబె దిబాబా ఒక్కసారిగా వేగం పెంచింది. కిప్యెగాన్ వెంటపడి చివరి ల్యాప్‌లో దాటేసింది.

మా అమ్మాయి సమస్య సరిగ్గా అక్కడే. గుంపులో లోపలి గీత పట్టుకుంటే ముందొకరు, పక్కనొకరు, మోచేతులు తగులుతూ బయటికి దారి ఉండదు. పోయిన రేసులో అలాగే ఇరుక్కుపోయింది, కాళ్లలో శక్తి మిగిలే ఉంది, పాపం ఏడ్చేసింది. పోనీ రెండో లేన్‌లో ఉంటే ల్యాప్‌కి దాదాపు 7 మీటర్లు ఎక్కువ పరిగెత్తాలి.

ఇలాంటి రేసులో మీరైతే ఎక్కడ ఉంటారు? ఎవరో వేగం పెంచబోతున్నారని ముందే ఎలా పసిగడతారు? దీన్ని ప్రాక్టీస్‌లో నేర్పించే పద్ధతి ఏదైనా ఉందా?