వార్తల్లో లేని కరువుకి సాయం అందదా?

ప్రశ్న:
కొన్నాళ్లుగా ఇది మనసులోంచి పోవడం లేదు, అందుకే అడుగుతున్నాను. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధంతో కోటి మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలి పోయారు. 2024 ఆగస్టులో అక్కడి డార్ఫూర్‌లో, ఇళ్లు వదిలొచ్చినవాళ్లు ఉండే జంజం శిబిరంలో కరువు ఉందని నిర్ధారించారు కూడా. ఆ వార్త నా కంటపడింది ఒక్కసారి, రెండే లైన్లు. ఏ దేశానికి ఎంత సాయం పంపాలో నిజంగా టీవీయే తేలుస్తుందా, లేక అది నా భ్రమా?

జవాబు 1:
భ్రమ కాదండి. 1984 ఇథియోపియా చూడండి. కరువు గురించి సహాయ సంస్థలు ముందు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాయి, ప్రభుత్వాలు పెద్దగా కదల్లేదు. అక్టోబర్ 23న బీబీసీలో మైకేల్ బర్క్ రిపోర్టు వచ్చింది, కెమెరా మొహమ్మద్ అమీన్. కోరెం దగ్గర తెల్లవారుతుంటే, ఆ చలిలో, గుడ్డలు కప్పుకుని నేల మీద వేలమంది. కొన్ని వారాలకే బ్రిటన్ వైమానిక దళ విమానాలు తిండిగింజలు మోసుకుంటూ అక్కడ దిగాయి. యూరప్ గోదాముల్లో ధాన్యం అంతకుముందు లేక కాదు.

జవాబు 2:
ఇథియోపియా సంగతి ఒప్పుకుంటా, కానీ అన్నీ అంతేనంటే ఒప్పుకోను. 1992లో టీవీ దృశ్యాలు చూసే అమెరికా సోమాలియాకి కదిలిందని ఇప్పటికీ అంటారు. తేదీలు వరసగా పెట్టి చూసిన పరిశోధకులకి కనిపించింది వేరు: సెనేటర్లు, అధికారులు ముందు మాట్లాడారు, ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు సీనియర్ బుష్, విమానాల్లో తిండి పంపుతామని ప్రకటించారు, కెమెరాలు పెద్ద ఎత్తున వెళ్లింది ఆ తర్వాతే. ఇక ఏటా ఇచ్చే పెద్ద సాయం లెక్క అసలు వేరు. ఇజ్రాయెల్‌తో 1979లో శాంతి ఒప్పందం చేసుకున్న దగ్గర్నుంచి ఈజిప్టుకి అమెరికా డబ్బు వెళ్తూనే ఉంది, టీవీలో చూపించినా చూపించకపోయినా.

జవాబు 3:
అత్యవసర సాయంలో వార్తల ప్రభావాన్ని లెక్కగట్టారు కూడా. 2007లో వచ్చిన ఒక అధ్యయనం 1968 నుంచి 2002 దాకా వచ్చిన దాదాపు 5,000 ప్రకృతి వైపరీత్యాలని, అమెరికా టీవీ వార్తలని, అమెరికా సాయాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. ఒలింపిక్స్ నడుస్తున్నప్పుడు విపత్తు వస్తే, మామూలు రోజుల్లో ఉన్నంత సాయం అవకాశం ఉండాలంటే మూడు రెట్ల మంది చనిపోవాలట. ఆటల పోటీలకీ, శిథిలాల కింద ఉన్న మనిషికీ ఏం సంబంధం చెప్పండి? ఇంకా ఘోరం ఏంటంటే, అగ్నిపర్వతం పేలి ఒక్కరు పోతే వార్తల్లోకి ఎక్కడానికి ఎంత అవకాశం ఉందో, తిండి కొరతకి అంత అవకాశం రావాలంటే దాదాపు 40,000 మంది పోవాలి. ఆ అంకె చదివాక నాకు చాలాసేపు వేరే పని చేయబుద్ధి కాలేదు.

జవాబు 4:
నేను కొన్నేళ్లు ఒక పత్రికలో అంతర్జాతీయ డెస్క్‌లో చేశాను, కాబట్టి లోపల జరిగేది చెప్తాను. భూకంపానికి ఒక తేదీ, ఒక టైమ్ ఉంటాయి. కరువుకి ఉండవు. పేజీ మూసే వేళకి చోటు తగ్గితే ముందు తీసేసేది కరువు వార్తే, రేపు కూడా అక్కడే ఉంటుంది కదా అని. నేనే చాలాసార్లు తీశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. మరి వార్తల కోసం చూడకుండా డబ్బు ఇచ్చే ఏర్పాటు ఎక్కడైనా ఉందా?

జవాబు 3:
ఉంది. ఐక్యరాజ్యసమితి 2006లో కేంద్ర అత్యవసర స్పందన నిధి పెట్టింది. అందులో కొంత భాగం, నిధులు చాలక అందరూ వదిలేసిన సంక్షోభాలకే కేటాయిస్తారు. కాకపోతే ఆ నిధి నింపేది ప్రధానంగా ప్రభుత్వాలే.