బాంబర్ల మీద ఫైటర్ల గురి 2 శాతమేనా? లెక్క ఎలా వేయాలి?

సందీప్: అందరికీ నమస్కారం. 1943-44లో జర్మనీ మీదికి వచ్చిన అమెరికన్ బి-17 బాంబర్లను జర్మన్ ఫైటర్లు అడ్డుకునే కంప్యూటర్ గేమ్ రాస్తున్నాను. సగటు పైలట్ కాల్చిన షెల్స్‌లో 2 శాతమే తగిలేవని చదివి, ప్రతి షెల్‌కీ 2 శాతం అవకాశం పెట్టాను. ఫలితం నమ్మేలా లేదు. ఏ విడత కాల్చినా ఒకటో రెండో తగులుతున్నాయి, అంతే. ఒక్క విడతలో బాంబర్ పడిపోవడం అనేదే జరగట్లేదు. ఆ అంకెను ఎలా వాడాలో తెలిసినవాళ్లు చెప్పగలరా?

మూర్తి: సందీప్ గారూ, అంకె మంచిదే. కూలిన బాంబర్లను పరిశీలించిన జర్మన్ వైమానిక దళం, ఒక బాంబర్ కూలాలంటే వెనక నుంచి కాల్చిన 20 మి.మీ. షెల్స్ సగటున 20 తగలాలని తేల్చింది. 2 శాతం చొప్పున 20 తగలాలంటే 1,000 కాల్చాలి. జర్మన్ ఫైటర్ ఫోకె-వుల్ఫ్ 190 ఎ-8 నాలుగు ఫిరంగులకీ కలిపి మోసేది దాదాపు 750. సగటు పైలట్ మొత్తం ఖాళీ చేసినా 15 తగులుతాయి, బాంబర్ తిరిగి ఇంటికి చేరే అవకాశం ఉంటుంది. అందుకే ఒక్కో బాంబర్ మీద ఒకరికి మించి పడాల్సి వచ్చేది.

లావణ్య: కూల్చామని పైలట్లు చెప్పిన సంఖ్యను వాడిన మందుగుండుతో పోల్చి చూస్తే సరిపోదా? అది ఇంకా తేలిక కదా?

మూర్తి: ఆ దారిలో వెళ్లొద్దమ్మా. 1940 సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని బ్రిటన్ ప్రకటించింది, నిజంగా పడినవి 60 దాకా. ఒకే బాంబర్‌ని ముగ్గురు కాలిస్తే ముగ్గురూ తమ ఖాతాలోనే రాసుకుంటారు. ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. బాంబర్లలోని గన్నర్ల లెక్కల్లో తేడా ఇంకా ఎక్కువ. 1943 ఆగస్టు 17న ష్వైన్‌ఫుర్ట్, రెగెన్స్‌బుర్గ్ దాడుల్లో వాళ్లు 288 ఫైటర్లను కూల్చామన్నారు. జర్మన్లు పోగొట్టుకున్నవి 30 లోపే. ఇలాంటి అంకెల మీద గురి శాతం కడితే మూడింతలో పదింతలో తేడా వస్తుంది.

ఇక సందీప్ గారి అసలు సమస్య. షెల్స్ ఒక్కొక్కటీ విడివిడిగా పందెం వేసినట్టు వెళ్లవు. పైలట్ గురి పక్కకి పోతే ఆ విడత మొత్తం పక్కకే పోతుంది. కుదిరితే పదీ పదిహేనూ ఒకేసారి తగులుతాయి. 2 శాతం అనేది ఈ రెండు రకాల విడతలూ కలిపిన సగటు. కాబట్టి ముందు విడతకి ఒక్కసారి గురి తప్పిదాన్ని కోణంలో తీయండి. తర్వాత ఆ గురి చుట్టూ షెల్స్‌ని కొంచెం చెదరగొట్టండి. నైపుణ్యం ఉన్న పైలట్‌కి మొదటి కోణాన్ని తగ్గిస్తే చాలు.

కోణం ఎందుకంటే, ఒక డిగ్రీ తేడా 300 మీటర్ల దగ్గర 5 మీటర్లు, 900 మీటర్ల దగ్గర 16 మీటర్లు అవుతుంది. వెనక నుంచి చూస్తే బి-17 రెక్కలు 31.6 మీటర్ల వెడల్పు, కానీ చాలా పలచన. 5 మీటర్లు పక్కకి పోయినా రెక్కకో ఇంజన్‌కో తగలొచ్చు. అదే 5 మీటర్లు పైకి పోతే గాల్లోకే. గేమ్‌లో బాంబర్‌ని గుండ్రని టార్గెట్‌గా పెట్టారేమో చూసుకోండి, చాలామంది అలాగే పెడతారు.

సందీప్: గుండ్రంగానే పెట్టానండీ, మారుస్తాను. మరి పైలట్లు అంత దూరం నుంచి కాల్చేవాళ్లా?

మూర్తి: కాల్చేవాళ్లు, దానికి కారణం గన్‌సైట్‌లోనే, అంటే పైలట్ గురి చూసే పరికరంలోనే ఉంది. అద్దం మీద కనిపించే వలయం 100 మీటర్ల దూరంలో 10 మీటర్ల వెడల్పుకి సరిపోయేలా ఉండేది. ఫైటర్ రెక్కలు సుమారు అంతే. వలయంలో మూడో వంతు నిండితే శత్రు ఫైటర్ 300 మీటర్లలో ఉన్నట్టు. ఆ కంటితో బి-17ని చూస్తే, మూడో వంతు నిండేసరికి అది ఇంకా 950 మీటర్ల దూరంలో ఉంటుంది. కొత్తవాళ్లు అక్కడే ట్రిగ్గర్ నొక్కేస్తారు. పైగా వెనక గన్నర్ కాలుస్తుంటే ఆ టెన్షన్‌లో ఆగడం మామూలు విషయం కాదు. గేమ్‌లో కొత్త పైలట్‌కి గురి ఒక్కటే తగ్గించకుండా, కాల్పులు మొదలుపెట్టే దూరం కూడా పెంచండి.

లావణ్య: ఎదురుగా వచ్చి కాల్చే దాడికి కూడా 2 శాతమేనా?

మూర్తి: దానికి వేరే లెక్క వేయాలి. 1942 చివర్లో జర్మన్ ఫైటర్ పైలట్ ఎగోన్ మేయర్ మొదలుపెట్టిన పద్ధతి అది. ఎదురు నుంచి నాలుగైదు షెల్స్ తగిలితే చాలనేవారు. కానీ రెండు విమానాలూ సెకనుకి దాదాపు 250 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి. 600 మీటర్ల దగ్గర మొదలుపెట్టి 200 దగ్గర తప్పుకుంటే చేతిలో ఉండేది 1.6 సెకన్లు. నాలుగు ఫిరంగులూ కలిపి సెకనుకి సుమారు 45 చొప్పున 72 షెల్స్. అందులో ఐదు తగలాలంటే 7 శాతం గురి కావాలి. మేయర్ లాంటివాళ్లకి సాధ్యమైంది, సగటు పైలట్‌కి కాదు.

30 మి.మీ. ఫిరంగి కూడా పెడుతుంటే ఒక సంగతి. దానివి మూడు నాలుగు తగిలితే చాలు, కానీ షెల్ వేగం తక్కువ, సెకనుకి 500 మీటర్ల చిల్లర. దూరం నుంచి కాలిస్తే బాగా కిందికి జారిపోతుంది. 1944లో దాన్ని మోసిన దాడి దళాలు 100 మీటర్ల దాకా వెళ్లి కాల్చింది అందుకే. ఆ ఫిరంగి ఉన్న విమానానికి 400 మీటర్లు దాటితే తగిలే అవకాశం బాగా కోసేయండి.