ఆఫ్‌గ్రిడ్ సోలార్ మీద ఏసీ: కంప్రెసర్ అందుకోబోయేసరికి ఇన్వర్టర్ కట్ అవుతోంది

మామిడితోట_ఇల్లు:
నూజివీడు దగ్గర తోటలో చిన్న ఇల్లు వేసుకున్నాం. కరెంటు స్తంభాలు దూరం, లైను లాగడానికి ఇచ్చిన ఎస్టిమేట్ చూసి ఆ ఆలోచనే మానుకుని ఆఫ్‌గ్రిడ్ సోలార్ పెట్టించాం. 3 కిలోవాట్ల ప్యానెళ్లు, 3.5 కేవీఏ ప్యూర్ సైన్ ఇన్వర్టర్, 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీలు నాలుగు సిరీస్‌లో, అంటే 48 వోల్టులు. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ ఏ గొడవా లేకుండా నడుస్తున్నాయి.

గొడవంతా ఏసీతోనే. ఊళ్లో ఇంట్లో ఉన్న పాత 1.5 టన్ను స్ప్లిట్ తెచ్చి బిగించాం, ఇన్వర్టర్ ఏసీ కాదు, మామూలుది. ఆన్ చేస్తే లోపలి ఫ్యాన్ తిరుగుతుంది, కాసేపటికి బయట కంప్రెసర్ ఒక్క మూలుగు మూలుగుతుంది, ఇన్వర్టర్ బీప్ కొట్టి ఇల్లంతా చీకటి. మధ్యాహ్నం మంచి ఎండలో ఒక్కోసారి అందుకుంటుంది, అందుకున్నాక హాయిగా నడుస్తుంది కూడా. రాత్రి మాత్రం ససేమిరా. ఏసీ మీద 1,650 వాట్లు అని ఉంది, ఇన్వర్టర్ 2,800 వాట్లు ఇస్తుందన్నారు, మరి ఎందుకు చాలట్లేదు? డీలర్ 5 కేవీఏకి మారమంటున్నాడు. అమ్మానాన్నలు మే నెలంతా అక్కడే ఉంటామంటున్నారు, అదీ నా టెన్షన్.

వైండింగ్_షాపు:
1,650 అనేది నడిచేటప్పుడు తినేది అండి. స్టార్టింగ్ లెక్క వేరు. ఆగి ఉన్న మోటారుని కదిలించాలంటే ఆ క్షణంలో నడిచే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. మీ 1.5 టన్నుకి నడిచేటప్పుడు 7, 8 ఆంపియర్లు అనుకుంటే, మొదట్లో 40 దాకా పోవచ్చు. 230 వోల్టుల మీద 40 ఆంపియర్లంటే 9 కేవీఏ పైమాటే, సెకనులో సగం కూడా ఉండదు గానీ ఇన్వర్టర్ చేతులెత్తేయడానికి అది చాలు. తోటలో పెద్ద మోటారుకి ఈ మొదటి కుదుపు తగ్గించడానికే స్టార్ డెల్టా స్టార్టర్ పెడతారు కదా, ఇదీ ఆ కథే.

ఏదైనా కొనేముందు ఒక పని చేయండి. కట్ అయినప్పుడు డిస్‌ప్లే మీద ఓవర్‌లోడ్ అని వస్తోందా, లో బ్యాటరీ అని వస్తోందా చూడండి. రెండూ ఒకటి కాదు. ఓవర్‌లోడ్ అయితే ఇన్వర్టర్ శక్తి చాలక. లో బ్యాటరీ అయితే ఆ క్షణంలో బ్యాటరీ వైపు 150, 200 ఆంపియర్లు లాగేసరికి వోల్టేజీ కుంగి 42 కిందకి పోతోందని, అప్పుడు 5 కేవీఏ పెట్టినా అంతే. అలాగే కంప్రెసర్ రన్ కెపాసిటర్ ఎన్ని మైక్రోఫారడ్లు చూపిస్తుందో మెకానిక్‌తో చెక్ చేయించండి. పాత ఏసీ కదా, అది నీరసించి ఉంటే మోటారు లేవడానికి ఇంకా ఎక్కువసేపు తంటాలు పడుతుంది. కొద్ది ఖర్చుతో పోయే పని.

ఎండలో_ఏసీ:
5 కేవీఏ అనగానే కొనేయకండి బ్రదర్, ఏ రకం అనేది ముఖ్యం. లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండి ఇద్దరు మోస్తే గానీ లేవని ఇన్వర్టర్లు ఇలాంటి కుదుపుని బాగా తట్టుకుంటాయి. గోడకి తగిలించే తేలికపాటివి చాలావరకు రేటింగ్‌కి రెండు రెట్లు, అదీ కొద్ది సెకన్లే. బ్రోషర్‌లో సర్జ్ (కొద్దిసేపు తట్టుకోగల లోడు) అనే లైను చూడకుండా డబ్బులు కట్టొద్దు.

నన్నడిగితే ఆ డబ్బుతో 1 టన్ను ఇన్వర్టర్ ఏసీ కొనండి. దాని కంప్రెసర్ తక్కువ స్పీడుతో మొదలై మెల్లగా ఎక్కుతుంది, అసలు ఆ కుదుపే ఉండదు. గది చల్లబడ్డాక 400, 500 వాట్ల దగ్గర సర్దుకుంటుంది. కొన్ని మోడళ్లలో కెపాసిటీ 60 శాతానికి కట్టేసే మోడ్ కూడా ఉంటుంది, రాత్రి బ్యాటరీ మీద అది వరం.

డాలస్_తమ్ముడు:
నేనుండేది టెక్సాస్‌లో. ఇక్కడ అవుట్‌డోర్ యూనిట్ ప్లేటు మీద ఎల్ఆర్ఏ అని ఒక అంకె ఉంటుంది, కంప్రెసర్ కదలకుండా ఇరుక్కుంటే లాగే కరెంటు అన్నమాట. మీ దాని మీదా ఉందేమో చూడండి. ఇక్కడ ఆర్‌వీ బళ్లలో (ఇల్లులాంటి పెద్ద వ్యాన్లు) తిరిగేవాళ్లు చిన్న జనరేటర్ మీద పైకప్పు ఏసీ ఎక్కించడానికి సాఫ్ట్ స్టార్టర్ బిగిస్తారు. అది స్టార్టింగ్ కరెంటుని సగానికి, ఇంకా కిందకి కూడా దించుతుంది. హార్డ్ స్టార్ట్ కిట్ అని చవగ్గా దొరికేది వేరు, అది ఎక్కువగా స్టార్ట్ అయ్యే సమయాన్ని తగ్గిస్తుంది, మీ పనికి దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఎండలో_ఏసీ:
సాఫ్ట్ స్టార్టర్‌తో స్టార్ట్ అవుతుంది సరే, తెల్లారేదాకా నడవాలి కదా తమ్ముడూ! నాలుగు 150 ఏహెచ్ అంటే కాగితం మీద 7.2 యూనిట్లు. ట్యూబులర్‌ని సగానికి మించి రోజూ దించితే ఆయుష్షు పోతుంది, అంటే 3.6. ఆ పాత ఏసీ ఇన్వర్టర్ నష్టాలతో కలిపి గంటకి 1.8 దాకా లాగుతుంది. కంప్రెసర్ మధ్యలో ఆగుతూ ఉన్నా రెండు గంటలు, మహా అయితే మూడు. పైగా సీ10 రేటింగ్ అంటే 15 ఆంపియర్ల చొప్పున పది గంటలు అని. 37 ఆంపియర్లు లాగితే ఆ 150 కూడా రాదు.

కొత్తసోలార్:
పీఎం సూర్యఘర్ సబ్సిడీ పెట్టుకోవచ్చుగా అన్నా, 3 కిలోవాట్లకి 78,000 ఇస్తున్నారు.

ఎండలో_ఏసీ:
అది గ్రిడ్‌కి కలిపే రూఫ్‌టాప్‌కి తమ్ముడూ. ఆయన దగ్గర లైనే లేదు.

మామిడితోట_ఇల్లు:
థాంక్స్ అందరికీ. రాత్రి చూశాను, లో బ్యాటరీ అనే వస్తోంది. మీటర్ మినిమమ్ మోడ్‌లో పెట్టి కంప్రెసర్ మూలిగినప్పుడు చూస్తే బ్యాటరీ బ్యాంక్ టెర్మినల్స్ దగ్గర 45.1, ఇన్వర్టర్ దగ్గర 41.6. బ్యాటరీలు వెనక వరండాలో, ఇన్వర్టర్ హాల్లో. మధ్యలో 16 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు ఐదు మీటర్లు ఉంటుంది. మధ్యాహ్నం ఫెయిలైనప్పుడు మాత్రం ఓవర్‌లోడ్ అని వచ్చింది.

వైండింగ్_షాపు:
చూశారా, 3.5 వోల్టులు దారిలోనే పోతున్నాయి. వైరు సన్నం, దూరం ఎక్కువ, పైగా లగ్గులు (వైరు చివర బిగించే కొసలు) ఎక్కడో వదులుగా ఉండి ఉంటాయి, ఏసీ నడిచాక చేత్తో తాకి చూస్తే వేడిగా తగిలేది అదే. ఇన్వర్టర్‌ని వరండా గోడకి, బ్యాటరీల పక్కకి తీసుకురండి, ఎండా వానా తగలకుండా. బ్యాటరీలని హాల్లోకి తేవొద్దు, ఛార్జింగ్‌లో గ్యాస్ వస్తుంది. మధ్యలో 35 స్క్వేర్ కేబుల్ రెండు మీటర్లు మించకుండా, లగ్గులు హైడ్రాలిక్ క్రింపింగ్‌తో. బ్యాటరీల మధ్య జంపర్లూ అదే సైజు. ఏసీకి స్టెబిలైజర్ ఉంటే తీసేయండి, ప్యూర్ సైన్ ఇన్వర్టర్ ఎలాగూ నిలకడగా 230 ఇస్తుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కుదుపు అదనం. ఏసీ వేసేటప్పుడు ఫ్రిజ్ ఆపండి. అప్పటికీ ఓవర్‌లోడ్ వస్తే సాఫ్ట్ స్టార్టర్ చూద్దాం. పగటిపూట ప్యానెల్ కరెంటు తోడుంటుంది కాబట్టి పాత ఏసీ వాడుకోవచ్చు.

రాత్రి సంగతి మాత్రం ఎండలో_ఏసీ గారు చెప్పిందే.

మామిడితోట_ఇల్లు:
ముందు కేబుల్ మారుస్తా. పెద్దవాళ్ల గదికి 1 టన్ను ఇన్వర్టర్ ఏసీ, పాతది హాల్లో పగటికి. లిథియం సంగతి వచ్చే ఏడాది చూస్తాం.

ఎండలో_ఏసీ:
లిథియం తీసుకునే రోజు బీఎంఎస్ (బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్) ఎన్ని ఆంపియర్లకి కట్ చేస్తుందో అడగండి. 51.2 వోల్టుల 100 ఏహెచ్ ప్యాక్‌లో చాలావాటికి 100 దగ్గరే నిరంతర పరిమితి, పాత ఏసీ కుదుపుకి ఈసారి బ్యాటరీయే ఆఫ్ అయి కూర్చుంటుంది.

వైండింగ్_షాపు:
ఇంకోటి. కేబుల్ మార్చే రోజు బ్యాటరీ పక్కన ఉన్న బ్రేకర్ డీసీదో కాదో చూడండి, చాలాచోట్ల మామూలు ఇంటి ఎంసీబీ పెట్టి వెళ్లిపోతున్నారు. డీసీలో పుట్టిన ఆర్క్ (స్విచ్ విడిపోయేటప్పుడు లేచే నిప్పు మెరుపు) దానికి ఆరదు. ముందు ప్యానెల్ స్విచ్ దించి, ఇన్వర్టర్ ఆఫ్ చేశాకే బ్యాటరీ వైర్లు విప్పండి.