ఇంట్లో జియోడ్‌ను లోపలి స్ఫటికాలు చెడకుండా రెండు చెక్కలుగా పగలగొట్టడం ఎలా?

ప్రశ్న: మాధవి, అయోవా సిటీ

మేము ఉంటున్న అయోవా రాష్ట్రం 1967లో జియోడ్‌ను, అంటే లోపలి బోలులో స్ఫటికాలు పేరుకున్న గుండ్రటి రాయిని, తన అధికారిక శిలగా ప్రకటించింది. ఈ రాళ్లకు పేరుపొందిన కియోకక్ ప్రాంతంలో, రుసుము తీసుకుని తవ్వుకోనిచ్చే ఒక ప్రైవేటు స్థలానికి పిల్లలతో వెళ్లి, బకెట్ నిండా జియోడ్‌లు ఏరుకుని వచ్చాము. రెండంగుళాల రాళ్ల నుంచి ఏడంగుళాల రాళ్ల వరకు అందులో ఉన్నాయి. రాయిని పాత సాక్సులో పెట్టి సుత్తితో కొడితే సరిపోతుందని చాలామంది చెబుతున్నారు. అయితే అలా కొట్టినప్పుడు రాయి ఎటు చీలుతుందన్నది మన చేతిలో ఉండదు కదా అని నా సందేహం. పిల్లలు ప్రతి రాయినీ రెండు సమానమైన చెక్కలుగా చూడాలని ఆశపడుతున్నారు. మాది అపార్ట్‌మెంట్, పనిముట్లు కూడా పెద్దగా లేవు. పగలగొట్టక ముందే ఏది బోలుగా ఉందో, ఏది గట్టి రాయో తెలుసుకునే వీలుంటుందా? ఉలి, రంపం వంటి వాటిలో ఏది మేలు? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: రఘురామ్, భూగర్భ శాస్త్ర అధ్యాపకుడు

మాధవి గారూ, పనిముట్టు సంగతి తరువాత చూద్దాము. ముందు ఆ రాయిలో ఏముందో, దాని గోడ ఎంత మందమో అంచనా వేసుకోవాలి, ఎందుకంటే పద్ధతిని నిర్ణయించేది అదే.

మీరు తెచ్చుకున్నవి కియోకక్ ప్రాంతంలోని వార్సా అనే శిలాస్తరం నుంచి ఊడి వచ్చిన రాళ్లు. దాదాపు 34 కోట్ల ఏళ్ల నాడు అక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. ఆ సముద్రపు బురదలో ఏర్పడిన ఉండల స్థానాన్ని కాలక్రమంలో సిలికా, అంటే పలుగురాయిలోని పదార్థం, ఆక్రమించింది. అందువల్ల వీటికి బయట కాల్సిడోనీ (కంటికి కనిపించనంత సన్నని పలుగురాయి స్ఫటికాల ముద్ద) పెంకు, లోపల పలుగురాయి స్ఫటికాలు ఉంటాయి. కొన్నింటిలో కాల్సైట్, డోలమైట్, పైరైట్ అనే ఖనిజాలు కూడా కనిపిస్తాయి. బయటి పెంకు కాలీఫ్లవర్ పువ్వులా బుడిపెలు బుడిపెలుగా ఉంటే అది జియోడ్ అయ్యే అవకాశం ఎక్కువ.

బోలుతనాన్ని పసిగట్టడానికి చేతిలో పట్టుకుని బరువు చూడటం, చెవి దగ్గర ఊపి లోపల ఏదైనా కదులుతోందేమో వినడం అందరూ చేసే పనులే. వంటింటి తూకం ఉంటే ఇంకా కచ్చితంగా తెలుసుకోవచ్చు. పొడి రాయిని తూచండి. తరువాత అంచు దాకా నీళ్లు నింపిన గిన్నెలో దాన్ని మెల్లగా ముంచి, పొర్లిన నీటిని మరో పాత్రలో పట్టి కొలవండి. పలుగురాయి సాంద్రత మిల్లీలీటరుకు 2.65 గ్రాములు. కాబట్టి 1,060 గ్రాముల రాయి లోపలంతా గట్టిగా ఉంటే 400 మిల్లీలీటర్ల నీటిని పొర్లించాలి. అది 520 మిల్లీలీటర్లు పొర్లిస్తే లోపల సుమారు 120 మిల్లీలీటర్ల ఖాళీ ఉన్నట్టు. ఆ రాయి గుండ్రనిదే అయితే దాని వ్యాసం దాదాపు 10 సెంటీమీటర్లు, లోపలి ఖాళీ వ్యాసం 6 సెంటీమీటర్లు, గోడ మందం చుట్టూ 2 సెంటీమీటర్ల చొప్పున ఉంటుంది. కాల్సైట్, డోలమైట్ సాంద్రతలు కొంచెం ఎక్కువే గాని, అంచనా తలకిందులయ్యేంత తేడా రాదు. పెంకులో పగుళ్లుంటే నీరు లోపలికి పోయి లెక్క తప్పుతుంది గనుక, అటువంటి రాయిని పలుచని ప్లాస్టిక్ కవరులో బిగించి ముంచాలి. ఈ కొలత పిల్లల చేత చేయించండి. రాయి తెరుచుకున్నాక తమ లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో వారే చూసుకుంటారు.

జవాబు: శ్రీనివాస్, సెయింట్ లూయిస్

మాధవి గారూ, కియోకక్ జియోడ్‌లను తెరవడానికి ఇక్కడ అందరూ ఇష్టపడేది గొలుసు కట్టర్. ఇళ్లలో పాత పోత ఇనుప మురుగు గొట్టాలను కోయడానికి ప్లంబర్లు వాడే పనిముట్టు ఇది. దాని గొలుసుకు వరుసగా చిన్న చిన్న గట్టి చక్రాలుంటాయి. గొలుసును రాయి నడుము చుట్టూ, అంటే బాగా వెడల్పుగా ఉన్న చోట, చుట్టి బిగించాలి. చక్రాలన్నీ ఒకేసారి రాయిని నొక్కడంతో ఒత్తిడి చుట్టూ సమానంగా పడుతుంది. పిడిని కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే ఒక దశలో టప్పున శబ్దం వచ్చి రాయి రెండుగా విడిపోతుంది. దెబ్బ కొట్టడం ఉండదు గనుక లోపలి స్ఫటికాలు అదిరి రాలిపోవడం చాలా తక్కువ. పనిముట్లను అద్దెకిచ్చే దుకాణాలలో ఇది దొరుకుతుంది. ఒక్క పూటకు తెచ్చుకుంటే మీ బకెట్‌లోని పెద్ద రాళ్లన్నీ తెరుచుకోవచ్చు. రెండంగుళాల రాళ్లకు మాత్రం గొలుసు సరిగా చుట్టుకోదు, చక్రాలు తగినన్ని ఆనవు.

అటువంటి చిన్న రాళ్లకు ఉలి పనికివస్తుంది. ఒక తట్టలో ఇసుక పోసి, రాయిని అందులో సగం దాకా కూర్చోబెడితే దొర్లదు. చాక్‌పీసుతో నడుము చుట్టూ గీత గీయండి. రాతి పనికి వాడే ఉలిని ఆ గీత మీద నిలువుగా ఆనించి, తేలికగా ఒక దెబ్బ వేసి, రాయిని కొంచెం తిప్పి, మళ్లీ ఒక దెబ్బ వేస్తూ గీత పొడవునా పోవాలి. చుట్టూ ఒకసారి తిరిగి వచ్చినా ఏమీ కాలేదని దెబ్బ బలం పెంచవద్దు. అదే బలంతో ఇంకోసారి తిరగండి, అవసరమైతే మరోసారి తిరగండి. పలుగురాయి ఉక్కు కంటే గట్టిది గనుక ఉలి దాన్ని కోయదు. ఉలి చేసేదల్లా గీత వెంబడి కంటికి కనిపించని చిన్న పగుళ్లను వరుసగా పుట్టించడమే. అవి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు రాయి తనంతట తానే ఆ దారిన చీలుతుంది. తొందరపడి ఒకే చోట బలంగా కొడితే పగులు నాలుగు వైపులకూ పాకుతుంది. గోడ పలుచగా ఉన్న రాళ్ల విషయంలో ఈ ఓపిక మరీ ముఖ్యం. ఉలి మొన మొద్దుబారుతోందని అనిపిస్తే కార్బైడ్ మొన ఉన్న ఉలిని తీసుకోండి, అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

సాక్సు పద్ధతిని నేను పూర్తిగా తోసిపుచ్చను. చదునుగా ఉన్నవి, లోపలంతా గట్టిగా ఉన్నట్టు రఘురామ్ గారి లెక్కలో తేలినవి ఉంటే వాటిని అలా కొట్టి చూడవచ్చు. సాక్సు ఉండేది ముక్కలు ఎగరకుండా ఆపడానికే గాని, రాయి తిన్నగా చీలేలా చేయడానికి కాదు. ఏ పద్ధతి అయినా పిల్లలతో సహా అక్కడున్న వారందరూ పక్కలు కూడా మూసి ఉండే భద్రతా కళ్లద్దాలు పెట్టుకోవాలి. మామూలు కళ్లద్దాలు చాలవు, ఎందుకంటే పలుగురాయి పెచ్చు గాజు పెంకంత పదునుగా ఉంటుంది. సుత్తిని సుత్తితో కొట్టడం, వడ్రంగి సుత్తిని ఉలి మీద వాడటం వద్దు, గట్టిపరచిన ఉక్కు పెచ్చులుగా లేచి ఎగురుతుంది. బాల్కనీ గచ్చు మీద కూడా ఈ పని పెట్టుకోవద్దు, కింద మట్టి నేల మీద చేయండి.

రాయిని మంటలో కాల్చి చన్నీళ్లు పోస్తే పగులుతుందని ఎవరైనా చెబితే దయచేసి వినవద్దు. లోపల చిక్కుకున్న నీరు ఆవిరై రాయి పేలిపోవచ్చు.

జవాబు: లలిత, అహ్మదాబాద్

రంపం గురించి మాధవి గారు అడిగారు గనుక ఆ ఒక్క విషయం చెబుతాను. నున్నటి, అద్దం వంటి ముఖం కావాలంటే వజ్రపు పొడి అద్దిన రంపమే దారి. లోపలంతా నిండిపోయిన అగేట్ రాళ్లకు అది తగినది, వాటిలోని చారల అందం కోస్తేనే కనిపిస్తుంది. బోలు జియోడ్‌ను కోస్తే మాత్రం రాతి బురద లోపలికి పోయి స్ఫటికాల సందుల్లో ఇరుక్కుంటుంది. కియోకక్ రాళ్లలో అరుదుగా మిల్లరైట్ అనే నికెల్ ఖనిజం వెంట్రుకల వంటి సూదులుగా ఉంటుంది, అవి ఈ బురదకు నిలవవు. నూనెతో నడిచే రంపమైతే తెల్లటి పెంకు ఆ నూనెను పీల్చుకుని మరకలు పడుతుంది.

టైల్స్ కోసే యాంగిల్ గ్రైండర్‌తో, నీళ్లు లేకుండా, ఇంట్లో పలుగురాయిని కోయడం ఎంతమాత్రం వద్దు. ఆ దుమ్ములోని అతి సన్నని సిలికా రేణువులు ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రావు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరతరాలుగా అగేట్‌ను సానపట్టి పూసలు చేసే కుటుంబాలలో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఎందరో చిన్న వయసులోనే ప్రాణాలు కోల్పోయారు. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. మీరు కోసేది ఒకటి రెండు రాళ్లే కావచ్చు, అయినా పిల్లలున్న అపార్ట్‌మెంట్‌లో ఆ దుమ్ము పరుపుల మీద, తెరల మీద చేరకూడదు. తప్పనిసరిగా కోయించాలంటే నీటితో నడిచే రంపం ఉన్న రాళ్ల సేకరణదారుల క్లబ్బుకు తీసుకువెళ్లండి.

సందీప్, వికారాబాద్

పెద్దలు చెబుతున్నది చదివాక నాకూ ఒక సందేహం. మా వైపు నల్లరాయి గనుల దగ్గర తెల్లటి స్ఫటికాలు నిండిన గుంటలున్న రాళ్లు కొన్ని దొరికాయి. వాటికి కూడా ఈ గొలుసు, ఉలి పద్ధతులు వర్తిస్తాయా?

జవాబు: రఘురామ్

సందీప్ గారూ, వర్తించవు. మీ వైపున్నది దక్కన్ లావా రాయి, అంటే బసాల్టు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాడు పారిన లావాలో వాయు బుడగలు మిగిల్చిన ఖాళీలలో తరువాత ఖనిజాలు పేరుకున్నాయి. మహారాష్ట్రలో పుణె, నాసిక్, జళగావ్ వైపు గనులలో దొరికే స్టిల్‌బైట్, హ్యూలాండైట్, అపోఫిల్లైట్ ఇలా ఏర్పడినవే. కియోకక్ జియోడ్ పెంకు చుట్టూ ఉన్న మెత్తని రాయి నుంచి దానంతట అది ఊడి వస్తుంది. బసాల్టు గుంట అలా ఊడి రాదు, చుట్టూ ఉన్న నల్లరాయి గట్టిగా పట్టుకుని ఉంటుంది. పైగా ఈ ఖనిజాలు పలుగురాయి కంటే మెత్తనివి. అపోఫిల్లైట్ అయితే ఒక దిశలో పొరలుగా సులువుగా చీలిపోతుంది, కాబట్టి దగ్గర్లో దెబ్బ పడితే స్ఫటికం కొన ఊడుతుంది.

గుంటకు బాగా దూరంగా, బసాల్టులో సహజంగా ఉన్న పగుళ్ల వెంట ఉలి పెట్టి, ముక్క మొత్తాన్ని విడదీయడమే మంచిది. గుంటలో తడిపిన కాగితం కుక్కి పని చేస్తే కొంత రక్షణ. తెల్లటి స్ఫటికం మీద చాకుతో గీసి చూడండి, గీత పడకపోతే అది పలుగురాయి. సులువుగా పడితే కాల్సైట్ కావచ్చు. కాల్సైట్‌ను, పైన చెప్పిన స్టిల్‌బైట్ వంటి ఖనిజాలను నిమ్మరసంతో గాని యాసిడ్‌తో గాని కడగకూడదు. నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. గని యజమాని అనుమతి లేకుండా లోపలికి వెళ్లవద్దని కూడా చెప్పాలి.

మాధవి

అందరికీ కృతజ్ఞతలు. కట్టర్ అద్దెకు తెస్తున్నాము. పిల్లలు ఇప్పటికే రాళ్లను తూచి, నీళ్లలో ముంచి, లెక్కలు ఒక పుస్తకంలో రాసుకుంటున్నారు. ఒక రాయి మాత్రం కొంచెం జిడ్డుగా ఉండి, తారు వాసన వేస్తోంది. అది నదికి అవతల, ఇలినాయ్‌లోని నయోటా దగ్గర దొరికిందని ఇచ్చినవారు చెప్పారు. దాన్ని కూడా అలాగే తెరవవచ్చా?

జవాబు: శ్రీనివాస్

తెరవవచ్చు గాని జాగ్రత్తగా. నయోటా చుట్టుపక్కల జియోడ్‌లలో పెట్రోలియం నిండి ఉండటం బాగా తెలిసిన విషయమే. లోపల ఒత్తిడి కూడా ఉండవచ్చు గనుక, పెంకు చీలగానే నల్లటి నూనె చిమ్ముతుంది. ఆరుబయట, దగ్గర్లో మంట, సిగరెట్ లేని చోట, లోతైన ప్లాస్టిక్ తొట్టిలో రాయిని ఉంచి, పైన పాత గుడ్డ కప్పి, గొలుసు బిగించండి. ముఖం పక్కకు తిప్పుకుని ఉండండి, పిల్లలను వెనుక నిలబెట్టండి. తెరిచాక నూనె ఎక్కడిదక్కడ కారి ఆగేదాకా చెక్కలను తొట్టిలోనే బోర్లించి ఉంచి, తరువాత గిన్నెలు తోమే సబ్బు కలిపిన వేడి నీళ్లతో కడగండి. ఒక చెక్కను కడగకుండా అలాగే దాచమని నా సలహా, నూనెతో ఉన్న జియోడ్ సేకరణలో అరుదు. తొట్టిలో మిగిలిన నూనెను సింకులో పోయకుండా, వాడిన ఇంజిన్ ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి.