ఎయిర్‌సాఫ్ట్ స్నైపర్: జీడితోటల్లో ఆడేవాళ్ళు కాస్త చెప్పండి

వంశధార_ఒడ్డు
కాశీనగర్ పక్కన జీడితోటలో మా కుర్రాళ్ళం ఆదివారం పూట ఎయిర్‌సాఫ్ట్ (ప్లాస్టిక్ గుళ్ళు కాల్చే గన్‌ల ఆట) ఆడుతుంటాం. అందరివీ బ్యాటరీ గన్‌లు. నాదొక్కటే స్ప్రింగ్ బోల్ట్ యాక్షన్ (ప్రతి షాట్‌కీ చేత్తో బోల్ట్ లాగాలి), వీఎస్ఆర్-10 అనే స్నైపర్ గన్‌కి కాపీ. గేమ్ అంతా పాకడమే నా పని, హిట్లు మాత్రం వాళ్ళకి. ఏ బరువు బీబీ (ప్లాస్టిక్ గుండు) వాడాలి? స్కోప్ ఉంచాలా, తీసేయాలా? గిల్లీ సూట్ (ఆకుల్లో కలిసిపోయేలా పోగులు వేలాడే డ్రెస్సు) కొనాలా, కుట్టించాలా? దగ్గరికొచ్చిన వాళ్ళ కోసం నడుముకి ఏ పిస్టల్ పెట్టుకోవాలి? బడ్జెట్ పెద్దగా లేదు.

ఫైర్‌పవర్_బరంపురం
ముందు స్ప్రింగ్ మార్చు బ్రో. నాది 550 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి 550 అడుగులు. గోపాల్‌పూర్ వైపు సరుగుడు తోటలో నేను దిగానంటే అవతలి టీమ్ తల ఎత్తదు. స్నైపర్ అంటే దూరం, దూరం అంటే పవర్. మిగతాదంతా షో.

జామాయిల్_రాయగడ
550 ఏ బీబీతో కొలిచారు? 0.20 గ్రాములతో అయితే అది 2.8 జౌల్స్ శక్తి. బోల్ట్ యాక్షన్‌కి చాలాచోట్ల 0.20తో 500 దగ్గర గీత గీస్తారు, అంటే 2.3 జౌల్స్. దానికే 30 మీటర్ల లోపు ఎవరినీ కొట్టకూడదని రూల్ ఉంటుంది. మిమ్మల్ని లోపలికి రానిచ్చే ఫీల్డ్ ఏదో చెప్పండి, అటు రాకుండా ఉంటాం.

ఫైర్‌పవర్_బరంపురం
తోట మా మావయ్యది. రూల్స్ మావి. నొప్పంటే భయమైతే క్యారమ్స్ ఆడుకోండి.

జామాయిల్_రాయగడ
తోట మావయ్యదే, కాదనను. కన్ను ఎదుటివాడిది. జపాన్‌లో చట్టం ప్రకారం ఒక జౌల్ కూడా దాటకూడదు. అసలు ఈ వీఎస్ఆర్-10 పుట్టిందే అక్కడ. వాళ్ళు స్నైపర్ ఆడటం లేదా?

కాశీనగర్ తమ్ముడూ, స్ప్రింగ్ జోలికి పోకు. 0.20 పారేసి 0.40 వేయి. 500 ఎఫ్‌పీఎస్ గన్‌లో 0.40 వేస్తే బయలుదేరేటప్పుడు 350 దగ్గరే ఉంటుంది. అది చూసి వేగం తగ్గిపోయిందని బెంగ పడతారు. కానీ బరువైన బీబీ వేగాన్ని త్వరగా వదులుకోదు, గాలికి పక్కకి కొట్టుకుపోదు. యాభై మీటర్లు దాటాక 0.20 ఎటు పోతుందో దానికే తెలియదు. ఇంకో సంగతి. క్రోనో (బీబీ వేగం కొలిచే మీటరు) మీద ఏ బీబీతో ఆడతావో దాంతోనే కొలువు. బరువు పెంచితే కొన్ని గన్‌లలో జౌల్స్ కూడా పెరుగుతాయి. 0.20తో పాసై, లోపల 0.45 వేసుకుని తిరిగే మహానుభావులు ఉన్నారు. పేర్లు అడగకండి.

ఎన్‌సీసీ_పాతకాపు
బాబూ, అందరూ బీబీ, స్ప్రింగ్ అంటున్నారు గాని షూటింగ్ రావాలి కదా? మేం పాయింట్ టూటూ రైఫిల్‌తో 25 మీటర్ల రేంజ్‌లో గుళ్ళన్నీ ఒకేచోట పడేలా గ్రూపింగ్ కొట్టినవాళ్ళం. ఊపిరి సగం వదిలి ఆపాలి. ట్రిగ్గర్‌ని లాగకూడదు, మెల్లగా నొక్కాలి. ఈ నాలుగు ముక్కలు రాకపోతే ఏ గన్ ఇచ్చినా ఒకటే. పర్లాకిమిడి వస్తే నేర్పిస్తాను, ఫీజు లేదు.

హాప్_రబ్బరు
గురువుగారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. 25 మీటర్ల రేంజ్‌లో మీ ముందు జీడాకు లేదు. బుల్లెట్ పోయే దిశనే ఇరుసుగా చేసుకుని తిరుగుతుంది. బీబీ అలా కాదు, బ్యారెల్ మొదట్లో ఉండే హాప్-అప్ రబ్బరు దాన్ని వెనక్కి తిప్పుతుంది. ఆ తిరుగుడే దాన్ని గాల్లో నిలబెడుతుంది. చాలా దూరం సూటిగా పోయి, చివర్లో ఒక్కసారిగా కిందికి జారుతుంది. గన్ కొంచెం పక్కకి ఒరిగితే స్పిన్ కూడా ఒరుగుతుంది, బీబీ అటే వంపు తిరుగుతుంది. చెట్టు కింద పక్కకి పడుకుని కాల్చేవాళ్ళు తప్పేది ఇక్కడే. ఊపిరి దగ్గర కాదు.

ఎన్‌సీసీ_పాతకాపు
ఫిజిక్స్ మాకూ చెప్పారు. అయినా ప్లాస్టిక్ గుండుకి స్నైపర్ అనే పేరెందుకు?

హాప్_రబ్బరు
మీరే అడిగారు కాబట్టి చెబుతున్నా. 60 మీటర్లకి ఆ ప్లాస్టిక్ గుండు చేరడానికి దాదాపు సెకను పడుతుంది. నడిచేవాడి మీద గురిపెడితే వాడు అక్కడ ఉండడు. అందుకే ఆగినవాణ్ణే కొట్టాలి. మ్యాగజీన్ మార్చుకునేవాడు, వాకీటాకీలో మాట్లాడేవాడు, నీళ్ళు తాగేవాడు. బ్యాటరీ గన్ కూడా యాభై, అరవై మీటర్లు కొడుతుంది, మన బోల్ట్‌కి దాని మీద ఇరవై మీటర్లు ఎక్కువొస్తే గొప్ప. ఈ ఇరవై మీటర్ల కోసం నిమిషానికి వందల బీబీలు వదిలేవాడితో ఒక్కొక్కటిగా పోటీ పడుతున్నాం. కనపడకుండా ఉండటం తప్ప మన దగ్గర ఇంకేం లేదు.

స్కోప్ తీసేయి. జీడితోటలో నలభై మీటర్లు దాటి ఖాళీగా కనిపించేదే తక్కువ. స్కోప్‌లో కన్ను పెట్టినవాడికి పక్కనుంచి వచ్చేవాడు కనపడడు.

సిరొంచ_నుంచి
మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. ఒడిశా అన్నలకు ఒక మాట. మీరు గన్‌ల గురించే మాట్లాడుతున్నారు, వేసుకునే బట్టల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మా వైపు, మల్కన్‌గిరి వైపు మిలిటరీ రంగు డ్రెస్సు వేసి, చేతిలో నల్ల గన్‌తో చెట్ల మధ్య పాకితే అది ఆట అని దూరంనుంచి చూసేవాడికి ఎలా తెలుస్తుంది? మేం అడవి వైపు అసలు పోము. నాలుగువైపులా గోడ ఉన్న పాత గోదాములో ఆడతాం. స్టేషన్‌లో ముందే కాగితం ఇస్తాం, ఊళ్ళో కూడా చెబుతాం, గన్‌లు బ్యాగ్‌లో మూసి తీసుకెళ్తాం. ఆర్మీ 2022లో తెచ్చిన కొత్త డిజైన్‌ని రిజిస్టర్ కూడా చేయించుకుంది, అది బజార్లో దొరికినా కొనకండి. సైనికుడని నమ్మించడానికి అలాంటి డ్రెస్సు వేస్తే నేరమే: పాత ఐపీసీలో సెక్షన్ 140, ఇప్పుడు దాని బదులొచ్చిన బీఎన్ఎస్‌లో 168.

ఫైర్‌పవర్_బరంపురం
నమ్మించడానికి అని మీరే అన్నారు. మేం ఎవరిని నమ్మిస్తున్నాం? ఊరికే భయపెట్టకండి.

సిరొంచ_నుంచి
సెక్షన్ గురించి వాదించడానికి స్టేషన్ దాకా బతికి పోవాలి కదా అన్నా.

గోనెపట్టా
గోనె సంచికి ఏ సెక్షన్ లేదు కదా? అయితే నా పోస్ట్ చదవండి. గిల్లీ కొనకండి. ఆన్‌లైన్‌లో వచ్చేవి పచ్చగా ఉంటాయి. మన తోటలో నేల ఏప్రిల్‌లో పచ్చగా ఉంటుందా? పాత బియ్యం గోనె విప్పి పోగులు తీయండి, టీ డికాషన్‌లో కొన్ని, మట్టినీళ్ళలో కొన్ని నానబెట్టండి. పాత చేపల వలకి ముడి వేసుకుంటూ పోండి. ఒళ్ళంతా అవసరం లేదు. తల, భుజాలు, గన్ బ్యారెల్, అంతే. బోర్లా పడుకున్నాక కాళ్ళు ఎవడు చూస్తాడు? ఒళ్ళంతా వేసుకున్నవాడు మే నెలలో పది నిమిషాలకి ఓఆర్ఎస్ అడుగుతాడు. ఎండలో రెండు రోజులు ఆరబెట్టకపోతే గోనె కంపు మీకంటే ముందు వెళ్ళి శత్రువుని పలకరిస్తుంది.

నేల కూడా చూసుకోండి. సరుగుడు కింద రాలిన పుల్లలు మెత్తగా ఉంటాయి, చప్పుడు రాదు, కానీ కింద దాక్కోవడానికి కొమ్మ ఉండదు. టేకు ఎండాకు మీద అడుగు వేస్తే అప్పడాలు నమిలినట్టు వినిపిస్తుంది. జీడి మంచిది. కొమ్మలు నేలదాకా వంగుతాయి, లోపల చీకటి. నీడలోంచి వెలుతురులోకి కాల్చు, కొమ్మ బయటికి బ్యారెల్ రానివ్వకు.

చీమల_బాధితుడు
జీడి మంచిదట. ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్ర చీమల సంగతి ఎవరు చెబుతారు? కాలర్‌లో దూరాక మీ స్టెల్త్ ఏమవుతుందో చూస్తాను.

గోనెపట్టా
మెడ చుట్టూ గుడ్డ కట్టుకోండి. ఆ చీమలతో మయూర్‌భంజ్‌లో పచ్చడి చేస్తారు, 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది.

చీమల_బాధితుడు
నన్ను కరిచినవాటికి ట్యాగ్ ఎందుకండీ, శిక్ష వేయాలి. మా అమ్మమ్మ జీడిగింజలు కాల్చిన చేతులతో ముట్టుకోనిచ్చేది కాదు, ఆ జీడి అంటితే ఒళ్ళు పొక్కుతుంది. తోట యజమానిని కూడా అడగండి. పూత, కాపు మీద ఉన్నప్పుడు కొమ్మల కింద మనుషులు దూరితే ఎవరూ ఊరుకోరు.

వంశధార_ఒడ్డు
తోట మా పెదనాన్నది, కాపు అయ్యాకే ఆడతాం. పిస్టల్ గురించి అడిగాను…

హిట్_తీసుకోడు
పిస్టల్ తర్వాత. అసలు సమస్య నేను చెబుతాను. రంగు అంటడానికి ఇది పెయింట్‌బాల్ కాదు. తగిలినవాడు చెయ్యెత్తి హిట్ అనాలి, అప్పుడే లెక్క. దూరం నుంచి వచ్చిన బీబీ వీపు మీద తగిలితే మా ఫ్రెండ్ ఒకడు ప్రతిసారీ ఆకు పడిందంటాడు. షర్ట్ మీద ఏ ఆకు పడుతుందిరా అంత గట్టిగా? స్నైపర్ ఆడటం మానేసి బ్యాటరీ గన్ పట్టుకున్నాను. ఇరవై బీబీలు తగిలితే ఆకు అనలేడు.

ఫైర్‌పవర్_బరంపురం
చూశారా! అందుకే 550. ఎవడూ ఆకు అనడు.

జామాయిల్_రాయగడ
మళ్ళీ మొదలు. హిట్ తీసుకోనివాణ్ణి టీమ్ నుంచి తీసెయ్యాలి, వాడి వీపు మీద పుండు చెయ్యకూడదు. తలకి కాకుండా మెడ కింద, భుజాల మధ్య కొట్టండి, తగిలిన చప్పుడు వాడి పక్కవాడికి కూడా వినిపిస్తుంది. వాదన సగం అక్కడే తెగుతుంది.

హాప్_రబ్బరు
తమ్ముడూ, పిస్టల్ ఏదైనా పరవాలేదు, చప్పుడు తక్కువది చూడు. 30 మీటర్ల లోపు నీ బోల్ట్ వాడకూడదు కాబట్టి ఆ దూరం అంతా దానిదే. గ్యాస్‌ది చలికాలం పొద్దున్నే నీరసంగా కాలుతుంది, మన మే నెలలో మాత్రం లెక్కకి మించి తంతుంది. దాన్ని కూడా క్రోనో మీద పెట్టు. స్ప్రింగ్ పిస్టల్ చవక, ఒక్కోసారి ఒక్కటే, అయినా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో అంచులు మూసి ఉండే కళ్ళద్దాలు కొను. జాలీవి వద్దు, పగిలిన బీబీ ముక్క దూరుతుంది.

ఎన్‌సీసీ_పాతకాపు
కళ్ళద్దాల మాట మాత్రం ఒప్పుకుంటాను. షూటింగ్ గురించి మాత్రం ఒకసారి పర్లాకిమిడి రండి, కాగితం టార్గెట్ మీద తేల్చుకుందాం.

హాప్_రబ్బరు
వస్తాను గురువుగారూ. ముందు జీడాకు వెనకాల కాగితం పెట్టండి.

ఫైర్‌పవర్_బరంపురం
నేనూ వస్తా, నా గన్‌తో.

జామాయిల్_రాయగడ
క్రోనో నేను తెస్తాను. ముందు అందులోంచి కాల్చి చూపించండి, తర్వాతే లైన్ మీదికి.

కొత్తగా_వచ్చా
నమస్తే అందరికీ. నా దగ్గర నీళ్ళలో నానబెట్టే జెల్ బాల్స్ గన్ ఉంది. దాంతో స్నైపర్ ఆడొచ్చా?

గోనెపట్టా
వేరే చర్చ మొదలుపెట్టండి బాబూ, ఇక్కడ అడిగితే ఇద్దరు ముగ్గురు కొట్టుకుంటారు.