తమ్ముడికి నార్కోలెప్సీ: జన్యు పరీక్ష వల్ల ఉపయోగం ఉందా?

మాది నెల్లూరు జిల్లా కావలి. ఇంటర్ చదువుతున్న మా తమ్ముడికి నార్కోలెప్సీ ఉందని ఈ మధ్యే తేలింది. అన్నం కలుపుతూ, ముద్ద చేతిలో ఉండగానే నిద్రలోకి జారిపోతాడు. గట్టిగా నవ్వితే మోకాళ్లు పట్టు తప్పి కూలబడతాడు, స్పృహ మాత్రం ఉంటుంది. వాడిని బద్ధకస్తుడని తిట్టేవాళ్లను చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

మెదడులో మెలకువను నిలబెట్టే రసాయనమైన హైపోక్రెటిన్‌ను తయారుచేసే కణాలు నశించడమే కారణమని, వాటిని మన రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీస్తున్నట్టు శాస్త్రవేత్తలు భావిస్తున్నారని డాక్టరుగారు చెప్పారు. 2009 నాటి స్వైన్ ఫ్లూ తరవాత చైనాలో, ఆ ఫ్లూ రాకుండా వేసిన పాండెమ్రిక్స్ టీకా తరవాత ఫిన్లాండ్, స్వీడన్‌లలో ఈ కేసులు పెరిగాయట. ఇది విన్నప్పటి నుంచి అమ్మ ఏ టీకా పేరెత్తినా వద్దంటోంది. ఆ టీకా ఇప్పుడు వాడుకలోనే లేదని ఎంత చెప్పినా వినడం లేదు.

అసలు సందేహం ఇది. హెచ్‌ఎల్‌ఏ-డీక్యూబీ1*06:02 అనే జన్యురకం, ఇలా కూలబడే లక్షణం ఉన్న రోగుల్లో 90 శాతానికి పైగా కనిపిస్తుంది. కానీ ఏ జబ్బూ లేనివారిలోనూ చాలామందికి ఉంటుంది. మరి నిద్ర పరీక్షలో జబ్బు తేలిపోయాక ఈ జన్యు పరీక్ష చేయిస్తే చికిత్సలో మారేదేమైనా ఉందా? చెల్లెలికీ చేయించమని బంధువులు పట్టుబడుతున్నారు. తోబుట్టువులకు వచ్చే అవకాశం ఒకటి రెండు శాతమే కాబట్టి, ఆ పిల్లను ఊరికే భయపెట్టడమే అవుతుందని నా అభిప్రాయం.

వెన్ను నీటిలో హైపోక్రెటిన్ కొలిచే పరీక్ష ఎవరైనా చేయించారా? ఎక్కడ? ఒంగోలు, నెల్లూరు వైపు ఇదే జబ్బుతో చదువుకుంటున్న పిల్లలుంటే, పరీక్షల్లో మధ్యలో కాసేపు కునుకు తీసే వీలు ఎలా అడిగి తెచ్చుకున్నారో దయచేసి చెప్పండి.